పుస్తకానికి పతకమెందుకు?

దర్యాగంజ్ ఆదివారం పుస్తకాల సంతను 2019లో కాలిబాటల మీంచి లేపి మహిళా హాట్ ఆవరణలోకి తోలారు. చోటు మారింది గానీ బేరాలు మారలేదు. ఓ ఆదివారం అక్కడ పాత ఎంట్రన్స్ గైడ్ల గుట్ట కింద నాకు క్రికెటర్ ఉన్ముక్త్ చంద్ పుస్తకం దొరికింది. పేరు ‘ద స్కై ఈజ్ ద లిమిట్’, పెంగ్విన్ వాళ్లు 2013లో వేసినది. మొదటి పేజీలో నీలి సిరాతో, హిందీలో, ఎవరో మామయ్య తన మేనల్లుడికి పుట్టినరోజు దీవెన రాశాడు. నువ్వూ ఇతనిలాగే కావాలి అని. పుస్తకం వెన్ను మీద ఒక్క మడతైనా లేదు. మేనల్లుడు దాన్ని తెరిచిన పాపాన పోలేదని చూస్తేనే తెలుస్తోంది.

మెట్రోలో యమున దాటుతూ ఆ పేజీనే చూసుకుంటూ వచ్చి మయూర్ విహార్ ఫేజ్ 1లో దిగాను. ఉన్ముక్త్ పెరిగిన పేట ఇదే.

నెలకోసారి ఇక్కడి సొసైటీ ఫ్లాట్లలో ఎవరో ఒకరింట్లో మేం కొందరం తెలుగువాళ్లం చేరి, చదివినవాటి గురించి చెప్పుకుంటాం. ఆ నెల వంతు ఆటల పుస్తకాలకీ, కొండలూ అడవుల పుస్తకాలకీ వచ్చింది. నేను దీన్ని బల్ల మీద పెట్టగానే నవ్వులు మొదలయ్యాయి. కేంద్ర సర్వీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన, “ఏవయ్యా, ఇండియా టీముకే ఆడనివాడి ఆత్మకథా? అదీ ఇరవయ్యేళ్లకి రాసుకున్నదా?” అన్నారు. సివిల్స్‌కి చదువుతున్న కర్నూలు అమ్మాయి నాకు వత్తాసు వస్తుందనుకున్నాను. “అవును బాబాయిగారూ, అప్పట్లో అయితే స్కూల్లో ప్రైజుగా ఇచ్చేవాళ్లేమో. ఇప్పుడెవరిస్తారు?” అని ఆయన వైపే చేరింది. మిగతావాళ్లు పకోడీల మధ్యలో తలలూపారు.

అది ఆ ఒక్క గది అభిప్రాయమే అయితే నేనూ ఇంకో పకోడీ తిని ఊరుకునేవాణ్ని. తెలుగు పాఠకుల్లో ఆటల పుస్తకాల గురించి నడుస్తున్న అభిప్రాయమంతా ఇంచుమించు ఇదే. ఆటగాడి పుస్తకం స్ఫూర్తి ఇవ్వాలట. స్ఫూర్తి ఇవ్వాలంటే వాడు గెలిచి ఉండాలి. గెలిచినవాడి పుస్తకం పిల్లల చేతిలో పెట్టదగినది, గెలవనివాడిది చిత్తుకాగితాలవాడికి వేయదగినది. వినడానికి ఎంతో సహజంగా ఉండే ఈ మాట తప్పు. చిన్న తప్పయితే ఇంత దూరం రాసేవాణ్ని కాను. చదవడం అంటే ఏమిటో తెలియనివాళ్లు చేసే తప్పయినా క్షమించేవాణ్ని. నవలలూ కవిత్వమూ ఎంతో ఒడుపుగా చదివేవాళ్లు, ఆటల పుస్తకం చేతికి రాగానే ఆ ఒడుపంతా గుమ్మం బయట చెప్పులతోపాటు వదిలేసి వస్తున్నారు. నా గొడవ వాళ్లతోనే.

ముందు ఈ కుర్రాడి సంగతే తీసుకుందాం. 2012 ఆగస్టు 26న ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో అండర్-19 ప్రపంచకప్ ఫైనల్. ఎదుటి జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియా. 226 కొడితే గెలుపు. కెప్టెన్ ఉన్ముక్త్ 111 పరుగులతో చివరిదాకా నిలబడి కప్పు తెచ్చాడు. అతనికప్పుడు 19 ఏళ్లు. నాలుగేళ్ల ముందు, 2008లో, అదే కప్పు తెచ్చిన కెప్టెన్ పడమటి ఢిల్లీ కుర్రాడు, విరాట్ కోహ్లీ. ఇంకేముంది, యమునకు ఆవలి ఒడ్డున ఒకడు పుట్టాడు, ఈవలి ఒడ్డున ఇంకొకడు పుట్టాడు అని లెక్క కట్టేశారు జనం. ఆ వేడిలోనే పుస్తకం వచ్చింది. ప్రపంచకప్ దాకా తన ప్రయాణాన్ని చెప్పుకున్న పుస్తకం.

తర్వాత కథ లెక్క ప్రకారం నడవలేదు. 2013 ఏప్రిల్ 3న ఆ ఏటి ఐపీఎల్ మొదలైన మొట్టమొదటి బంతికే బ్రెట్ లీ అతణ్ని బౌల్డ్ చేశాడు. భారత్ ఎ జట్టుకు కెప్టెన్‌గా చేసినా పెద్ద జట్టు తలుపు తెరుచుకోలేదు. ఢిల్లీ వదిలి ఉత్తరాఖండ్‌కు ఆడాడు. 2021 ఆగస్టులో ఇక్కడి ఆటకు దణ్ణం పెట్టి అమెరికా వెళ్లిపోయాడు. 2024 జూన్‌లో న్యూయార్క్‌లో అమెరికా జట్టు ఇండియాతో ప్రపంచకప్ మ్యాచ్ ఆడినప్పుడు ఆ జట్టులోనూ లేడు.

ఇంత జరిగినా 2013లో అచ్చయిన పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు. మారింది మన అభిప్రాయం. అప్పుడు దీవెన రాసి ఇవ్వదగినదైన పుస్తకం ఇప్పుడు గైడ్ల గుట్ట కిందికి పోయింది. ఒకవేళ అతను ఇండియాకు వంద టెస్టులు ఆడి ఉంటే ఇదే పుస్తకం, ఇవే వాక్యాలు, ‘మహానుభావుడి తొలి అడుగులు’ అనిపించుకుని పదో ముద్రణకు వెళ్లేది. పుస్తకం మంచిదా చెడ్డదా అన్నది దాని పేజీల బయట, పదేళ్ల తర్వాత, ఎవరో సెలెక్టర్లు గది తలుపులు వేసుకుని తేలుస్తారన్నమాట. ఈ పద్ధతి పేరు చదవడం కాదు. స్కోరు బోర్డు చూసి అట్ట మీద మార్కులు వేయడం.

‘ఇరవయ్యేళ్లకే ఆత్మకథా’ అన్న వెక్కిరింపు కూడా నాకు మింగుడు పడదు. డెబ్బయ్యేళ్లకు రాసే ఆత్మకథలో మనిషికి ముగింపు తెలుసు. తెలిసినవాడు వెనక్కి వెళ్లి దారంతా సర్దుకుంటూ వస్తాడు. ఓడినచోట పాఠం నేర్చుకున్నానంటాడు, గెలిచినచోట అమ్మ దీవెన అంటాడు. ఇరవయ్యేళ్ల కుర్రాడికి ఆ సౌకర్యం లేదు. రేపు ఏమవుతుందో తెలియక రాస్తున్నాడు. ఆకాశమే హద్దు అని పేరు పెట్టుకునేంత తెలియనితనం. ఆ పేరు ఇవాళ చదువుతుంటే కాస్త గుబులు పుడుతుంది. ఆ గుబులు పుస్తకానికి కాలం కలిపిన విలువ. డిగ్రీ పరీక్షల నాటి డైరీ అటక మీద దొరికితే మనం ఎందుకు అంత ఆత్రంగా చదువుకుంటాం? అందులో మన విజయం ఉందనా? అప్పటి మనకు ఏమీ తెలియదని కదా!

ఈ స్ఫూర్తి జబ్బు ఎప్పుడు పట్టుకుంది మనకి? నా అనుమానం పుస్తకాల షాపుల అరల మీద. విజయవాడలోనో హైదరాబాదులోనో ఏ పెద్ద షాపుకైనా వెళ్లి ఆటల పుస్తకాలు ఎక్కడండీ అని అడగండి. ‘వ్యక్తిత్వ వికాసం’ అర వైపు చెయ్యి చూపిస్తారు. యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’ పక్కన, జ్ఞాపకశక్తి పెంచుకునే చిట్కాల పక్కన, ఎవరో క్రీడాకారుడు చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. యండమూరి మీద నాకు కోపమేం లేదు, ఆయన చెప్పదలచుకున్నది మెట్ల గురించే, చెప్పారు. ఆటగాడు మెట్ల గురించి చెప్పడానికి వచ్చినవాడు కాదు. వాడు మోకాలి గురించి, నిద్రపట్టని రాత్రి గురించి, జట్టులోంచి తీసేసినట్టు పేపర్లో చదివి తెలుసుకోవడం గురించి చెప్పడానికి వచ్చాడు. అతణ్ని తీసుకెళ్లి కార్పొరేట్ కాలేజీ సెమినార్ హాల్లో మైకు ముందు నిలబెట్టాం.

నా వాదనకు గెలవనివాళ్లే దిక్కని అనుకోకండి. గెలిచినవాళ్ల పుస్తకాలే నాకు గట్టి సాక్ష్యం. అభినవ్ బింద్రా 2008 ఆగస్టు 11న బీజింగ్‌లో షూటింగ్ స్వర్ణం కొట్టాడు. ఒలింపిక్స్‌లో ఒంటరి ఆటలో మన దేశానికి అదే తొలి బంగారం. రోహిత్ బ్రిజ్‌నాథ్‌తో కలిసి అతను రాసిన ‘ఎ షాట్ ఎట్ హిస్టరీ’ 2011లో వచ్చింది. దాన్ని బంగారం కోసం చదివినవాడు సగం పుస్తకాన్ని పారేసుకున్నట్టే. అందులో మనసుకు పట్టుకునేది ఏథెన్స్. 2004లో అక్కడ ఫైనల్లో అతను ఏడోవాడు, అంటే ఆఖరువాళ్లలో ఒకడు. తాను నిలబడిన చోట నేల పలక వదులుగా ఉండిందని తర్వాత తెలిసింది. వెంట్రుకవాసి కదిలినా గురి తప్పే ఆటలో కాళ్ల కింద పలక కదలడం! ఆ తర్వాత అతనిలో పెరిగిన చాదస్తం చూడండి. బీజింగ్ హాలు పెద్దదని తెలిసి, అంత విశాలానికి కళ్లు అలవాటు కావాలని పెళ్లిళ్ల హాలు తీసుకుని అందులో ప్రాక్టీసు చేశాడు. పెళ్లి పందిరి ఉండాల్సినచోట కాగితపు టార్గెట్. ఇక గెలిచాక ఆనందం కన్నా ఖాళీతనమే ఎక్కువ చుట్టుముట్టిందని అతనే ఒప్పుకున్నాడు. దీన్ని చదివి పిల్లవాడికి ఏం స్ఫూర్తి వస్తుంది? రాకపోతేనేం? మనిషి ఒక్క చిన్న చుక్కకు జీవితాన్నంతా గురిపెడితే లోపల ఏమవుతుందో ఇంత దగ్గరగా చూపించిన పుస్తకాలు మన దేశంలో ఎన్ని ఉన్నాయి?

మరో వైపు సచిన్ ‘ప్లేయింగ్ ఇట్ మై వే’. 2014 నవంబరులో వచ్చింది. విడుదలకు ముందే లక్షన్నర ప్రతులకు పైగా ఆర్డర్లు. గెలుపే కొలత అయితే ఆటల పుస్తకాలన్నిటికీ ఇది పెద్దన్న కావాలి. చదివినవాళ్లకు తెలుసు, అది మర్యాదస్తుడి పుస్తకం. తన కాలంలో ఆటను కుదిపేసిన ఫిక్సింగ్ రోజుల గురించి అందులో దాదాపు మౌనమే. ఆ మౌనాన్ని వచ్చినప్పుడే చాలామంది వేలెత్తి చూపారు. మా పెద్దాయన ఇంట్లో ఆ పుస్తకం టీవీ పక్కన గాజు బీరువాలో ఉంటుంది. చదివారా అని అడగడం మర్యాద కాదని ఇన్నాళ్లూ అడగలేదు.

‘మ్యాచ్ టీవీలో చూశాం కదా, మళ్లీ చదవడం దేనికి’ అనేవాళ్లకు మన హైదరాబాదీనే చూపిస్తాను. 2001 మార్చి 14న ఈడెన్ గార్డెన్స్‌లో రోజంతా లక్ష్మణ్, ద్రావిడ్ అవుటు కాకుండా ఆడారు. ఆ జోడీ 376 పరుగులు చేసింది. లక్ష్మణ్ 281. ఆ వేళ ఆఫీసులు ఎగ్గొట్టి చూసినవాళ్లలో నేనూ ఉన్నాను. టీవీ నాకు చూపించింది మిడ్‌వికెట్ వైపు తిరిగే ఆ మణికట్టు. నడుము పట్టేసి ఒళ్లు ఒక పక్కకు వంగిపోతే ఫిజియో ఆండ్రూ లీపస్ దాన్ని సరిచేసి పంపాడన్నది, అవతలి కొసన ద్రావిడ్ జ్వరంతో ఆడుతున్నాడన్నది ఏ కెమెరా చూపించలేదు. ఆర్.కౌశిక్‌తో కలిసి లక్ష్మణ్ రాసిన పుస్తకం 2018లో వచ్చింది, పేరు ‘281 అండ్ బియాండ్’. జనం మొదటి అంకె దగ్గరే ఆగిపోయారు. ఆ ‘బియాండ్’లో ఏముందో చూశారా? అంతటి ఆటగాడు ఒక్క వన్డే ప్రపంచకప్ కూడా ఆడలేదు. 2003లో జట్టు ప్రకటించినప్పుడు అతని పేరు లేదు. డాక్టర్ల ఇంట్లో పుట్టి, మెడిసిన్ వదులుకుని బ్యాటు పట్టినవాడికి ఆ రోజు ఎలా గడిచి ఉంటుంది? నన్నడిగితే ఆ పుస్తకానికి వెన్నెముక అక్కడుంది, 281లో లేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ కరణం మల్లీశ్వరి. శ్రీకాకుళం నుంచి వచ్చి, హర్యానా కోడలై, 2021లో ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి తొలి వైస్ చాన్సలర్ అయిన మనిషి. సిడ్నీ, 2000 సెప్టెంబరు 19, 69 కిలోల విభాగం. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240. కంచు. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారత మహిళ. ఇంతవరకూ అందరికీ కంఠతా వచ్చు, క్విజ్ పుస్తకాల్లో ఉంటుంది. బంగారం గెలిచిన చైనా అమ్మాయి, వెండి గెలిచిన హంగరీ అమ్మాయి ఎత్తింది చెరో 242.5. ఒంటి బరువు తక్కువని చైనా అమ్మాయికి బంగారం వెళ్లింది. మల్లీశ్వరికి ఇంకో ప్రయత్నం మిగిలే ఉంది. ఆ ప్రయత్నానికి కడ్డీ మీద వేయించిన బరువు 137.5. అప్పట్లో బరువులు రెండున్నర కిలోల లెక్కన పెరిగేవి. 135 ఎత్తినా మొత్తం 245, బంగారం ఖాయం. ఒక్కసారిగా ఏడున్నర కిలోలు పెంచారు. ఎత్తలేకపోయింది. ఎవరు లెక్క వేశారు, ఎందుకు వేశారు అన్న మాట పాతికేళ్లయినా వినిపిస్తూనే ఉంటుంది.

నేను చదవాలనుకునే పుస్తకం ఆ కొద్ది నిమిషాల గురించి. రెండో ఎత్తుకీ మూడో ఎత్తుకీ మధ్య, అరచేతులకు సుద్ద పొడి రాసుకుంటూ, తెర వెనక ఎవరో కాగితం మీద కూడికలు చేస్తుంటే, ఆ అంకె తన చెవిన పడినప్పుడు ఆమె ఏమనుకుంది? స్ఫూర్తి కోసం చదివేవాడికి ఈ ప్రశ్నే తట్టదు. పతకం వచ్చిందిగా, ఇంకేం కావాలి అంటాడు.

వెయిట్‌లిఫ్టింగ్ దాకా వచ్చాక కులం సంగతి ఎలాగూ రావాలి. ఏ ఆటకు ఎవరి పిల్లలు వెళతారో మనకు తెలియనిదా? స్ఫూర్తి కళ్లద్దాలకు అన్నిటికన్నా ముందు కనపడకుండా పోయేది ఇదే. రామచంద్ర గుహ ‘ఎ కార్నర్ ఆఫ్ ఎ ఫారిన్ ఫీల్డ్’ 2002లో వచ్చింది. అందులో పల్వంకర్ బాలూ ఉన్నాడు. దళితుడు, గొప్ప ఎడమచేతి స్పిన్నరు. అతని బంతులతో గెలిచిన జట్టే టీ విరామంలో అతణ్ని దూరంగా నిలబెట్టి, వాడి పారేసే మట్టి ముంతలో టీ పోసేది. రెండు గ్లాసుల పద్ధతి చూసిన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం, మనకు వేరే వ్యాఖ్యానం కావాలా? సి.ఎల్.ఆర్. జేమ్స్ ‘బియాండ్ ఎ బౌండరీ’ 1963 నాటిది. ఆయన టెస్టు ఆడినవాడే కాదు, ట్రినిడాడ్ క్లబ్బు ఆటగాడు. ఒంటి రంగును బట్టి క్లబ్బులు విడిపోయిన ఊళ్లో తాను ఏ క్లబ్బులో చేరాడో, ఆ ఎంపిక తన మనసును ఎలా తొలిచిందో రాసుకున్నాడు. మన పాఠకుల లెక్కన ఈ పుస్తకం పుట్టనే కూడదు, రాసినాయన దగ్గర చూపించుకోవడానికి కప్పు లేదు కాబట్టి.

ఇక ‘ఇవన్నీ వేరేవాళ్లు రాసిపెట్టినవండీ’ అన్న అభ్యంతరం. దీనికి ఎక్కువ సిరా ఖర్చు చేయను. వ్యాసుడు చెబితే వినాయకుడు రాశాడని నమ్మే జాతి, ఆటగాడు చెబితే విలేకరి రాశాడని ముక్కు విరవడం వింతగా ఉంటుంది. టెన్జింగ్‌కు చదవడం, రాయడం రాదు. 1955లో వచ్చిన అతని కథ జేమ్స్ ర్యామ్సే ఉల్మన్‌కు చెప్పి రాయించుకున్నదే. అది నకిలీ అని తోసేస్తే ఎవరెస్టు మీద మొదట నిలబడ్డ ఇద్దరిలో ఒకరి గొంతు మనకు మిగలదు. అగస్సీ ‘ఓపెన్’ రాసిపెట్టిన మోరింగర్ తన పేరు అట్ట మీద వద్దన్నాడు. టెన్నిస్ అంటే తనకు అసహ్యమని అగస్సీ చెప్పుకున్న ఆ పుస్తకానికి మించిన టెన్నిస్ పుస్తకం నేను చదవలేదు. అయితే ఒకటి ఒప్పుకుంటాను. రాసిపెట్టినవాటిలో చెత్తే ఎక్కువ. టూరు వెనక టూరు, మ్యాచ్ వెనక మ్యాచ్, కృతజ్ఞతలు, అయిపోయింది. ఆ చెత్తను ఏరి పారేయడానికే విమర్శ కావాలి. ‘స్ఫూర్తిదాయకం’ అని ముద్ర వేసి అన్నిటినీ ఒకే గోనెలో పోయడం ఏరడం కాదు.

కొండల పుస్తకాల దగ్గరా ఇదే తంతు. పైకి చేరాడా, లేదా? ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ పేరెత్తగానే ‘13 ఏళ్ల 11 నెలలు’ అంటారు. 2014 మే 25. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివేది. భువనగిరి బండల మీద మొదటి పాఠాలు. తోడుగా ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్. అపర్ణ తోట ఇంగ్లీషులో రాసిన పుస్తకం 2019లో వచ్చింది. దాని గురించి మా సాయంత్రంలో వినపడిన మాటలన్నీ రికార్డు చుట్టూ తిరిగాయి. నేపాల్ వైపు నుంచి 16 ఏళ్లలోపు వాళ్లను ఎక్కనివ్వరు కాబట్టి ఆ పిల్లల్ని టిబెట్ వైపు నుంచి తీసుకెళ్లారన్న సంగతి మీద ఒక్కరూ ఆగలేదు. అదే ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది అక్కడి కొండపనివాళ్లు పోయారు. అంతటి ప్రమాదంలోకి పద్నాలుగు నిండని పిల్లను పంపవచ్చా? పంపకపోతే గురుకులం పిల్లకి ఆ కొండ ఎప్పుడైనా దక్కేదా? ఈ రెండు ప్రశ్నలూ నాలో ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి. జవాబు నా దగ్గర లేదు. ‘ఎంత స్ఫూర్తి!’ అని చప్పట్లు కొట్టేస్తే మాత్రం రెండు ప్రశ్నలూ ఆ చప్పుడులో కొట్టుకుపోతాయి.

మన పాతవాళ్లు ఇలా చదివేవాళ్లు కాదు, రాసేవాళ్లూ కాదు. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి, అక్కడి నుంచి గయ, కలకత్తా మీదుగా కోస్తా వెంట వెనక్కి. ఆయన పోయాక 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ను కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె అచ్చు వేయించాడు. ఆరుబయట మనిషి ఎలా బతుకుతాడో చెప్పిన తొలి తెలుగు పుస్తకాల్లో అదొకటి. కాశీ చేరగానే ఆగిపోదు. అసలు కాశీ కన్నా మజిలీలదే అందులో పెద్దపీట. ఫలానా ఊళ్లో బస ఉందా, నీళ్లు ఎలా ఉన్నాయి, దారిలో వాగు దాటొచ్చా, అంగళ్లలో ఏం దొరుకుతాయి. కాశీకి వెళ్లొచ్చిన పుణ్యం ఆయనది, మజిలీలు మనవి. ఆయన ఇవాళ రాసి ఉంటే ప్రచురణకర్త ‘సార్, మొదటి అధ్యాయంలోనే గంగాస్నానం పెట్టండి, స్ఫూర్తిగా ఉంటుంది’ అనేవాడు.

మజిలీలు చదవడం రానివాళ్లకు చెట్ల పుస్తకమూ పుస్తకంలా కనపడదు. ప్రదీప్ కృషన్ ‘ట్రీస్ ఆఫ్ ఢిల్లీ’ 2006లో వచ్చినప్పటి నుంచీ నా దగ్గరుంది. ‘అది చూసుకునే పుస్తకమండీ, చదివే పుస్తకం కాదు’ అని ఆ సాయంత్రమే ఒకావిడ తేల్చేశారు. పొద్దున్నే సంజయ్ లేక్ చుట్టూ మూడు రౌండ్లు వేసి, అడుగులు లెక్కపెట్టే వాచీ చూసుకునే ఆవిడే. అక్టోబరు సాయంత్రాల్లో మా వీధి వీధంతా ఓ మత్తు వాసనతో నిండిపోతుంది. ఆవిడకు దానివల్ల తలనొప్పి. అది ఏడాకుల పాల పూతదని ఆవిడకు తెలియదు. ఢిల్లీలో నాటే చెట్లలో అదెంత విరివిగా ఉందో, ఏది ఈ నేలది, ఏది ఎవరో తెచ్చి పెట్టింది అన్న కథంతా ఆ పుస్తకంలో చదువుకోవచ్చు. 2023 జూలైలో యమున 208.66 మీటర్లకు ఎక్కి, వరద మైదానంలో సాగు చేసుకునేవాళ్లు మా మయూర్ విహార్ రోడ్ల పక్క టార్పాలిన్ల కింద గొడ్డూ గోదాతో చేరినప్పుడు, ఇక్కడ నది ఉందని చాలామందికి మొదటిసారి తెలిసింది. ఆరుబయలు గురించిన పుస్తకాల పని ఇదే. మన కాలికిందిది మనకు చూపించడం. అందులో గెలుపు లేదు కాబట్టి అది చదవనక్కర్లేదట!

నాకు ఎదురైన అన్నిటికన్నా బలమైన మాట కూడా చెప్పకుండా దాటేయను. అది పెద్దాయనదే. మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ అన్నారు. “నీ వాదన నీకు బాగానే ఉందయ్యా. మా మనవడు క్రికెట్ అకాడమీకి వెళుతున్నాడు. నెలకు ఇంత ఫీజు కడుతున్నాం. ఓడిపోయినవాడి పుస్తకం తెచ్చి వాడి చేతిలో పెట్టమంటావా?”

ఆ ప్రశ్నలో వెటకారం లేదు, భయం ఉంది. పొద్దున్నే కిట్ బ్యాగు మోసుకుంటూ మెట్రో వంతెన కింద నడిచిపోయే పిల్లల్లో ఎవరు మిగులుతారో ఏ తాతకూ తెలియదు. నేను లెక్క చెప్పాను. ఆ అకాడమీకి వెళ్లే పిల్లల్లో ఇండియాకు ఆడేవాడు ఒక్కడూ ఉండకపోవచ్చు. ఉన్నా ఒక్కడు. మిగతా అందరి జీవితం ఉన్ముక్త్ జీవితం కన్నా చిన్నదిగానే, ఆ దారినే నడుస్తుంది. పదేళ్లు ఆడి, ఎంతో నేర్చుకుని, ఓ రోజు జాబితాలో పేరు లేక ఇంటికి రావడం. విజేతల కథలు మాత్రమే చదివించి పెంచితే, ఆ రోజు వాడికి తన గురించి చెప్పే పుస్తకం ఒక్కటీ గుర్తు రాదు. పైగా ఈయన ఓడిపోయినవాడంటున్న కుర్రాడు ప్రపంచకప్ ఫైనల్లో వంద కొట్టినవాడు. మన మయూర్ విహార్ వీధుల్లోంచి వెళ్లి ఆ పని చేసినవాళ్లు ఇంకెవరున్నారు?

పెద్దాయన కాసేపు పుస్తకం అటూ ఇటూ తిప్పారు. మొదటి పేజీ తెరిచి, ఆ మామయ్య రాసిన దీవెన కళ్లజోడు పైకెత్తి చదివారు.

“అయితే మా వాడికి ఇవ్వమంటావు?”

“ఇవ్వండి. ఈ కాపీ కాదు, కొత్తది కొనండి. మొదటి పేజీలో మాత్రం ఏమీ రాయకండి.”